బోటు కడుపులో ఇంజిన్: షాఫ్టు బయటికొచ్చే దారిని బట్టే మిగతా అంతా

క్లుప్తంగా: ఇంజిన్‌ను బోటు లోపల బిగించే పద్ధతులు ప్రధానంగా నాలుగు. స్ట్రెయిట్ షాఫ్టు, వీ-డ్రైవ్, స్టెర్న్ డ్రైవ్, వాటర్ జెట్. నాలుగింటిలోనూ ఇంజిన్ దాదాపు ఒకటే. అది తిప్పిన తిప్పుడు నీళ్లలోకి చేరే దారి మాత్రం వేరు. బరువు ఎక్కడ పడుతుంది, బోటు కింద ఎంత లోతు కావాలి, నీళ్లు లోపలికి కారే చోటు ఏది, మరమ్మతు ఎవరి చేత అవుతుంది అన్నవన్నీ ఆ దారిని బట్టే తేలతాయి. నీటిమట్టం కాలాన్ని బట్టి పెద్దగా మారే, నాచు, వలలు ఉండే ఉత్తర తెలంగాణ చెరువుల్లో నెమ్మదిగా తిరిగే ప్రయాణికుల బోటుకు డీజిల్ ఇంజిన్‌తో స్ట్రెయిట్ షాఫ్టే ఎక్కువ నప్పుతుంది.

చెరువులు నిండి మత్తళ్లు దుంకాయంటే లక్నవరం, రామప్ప కట్టల మీద సెలవు రోజుల్లో జనం సందడి మొదలవుతుంది. కరీంనగర్‌లో దిగువ మానేరు ఒడ్డునా అంతే. టికెట్ తీసుకుని బోటెక్కేవాళ్లలో కొందరికైనా ఒక అనుమానం వస్తుంది. ఒక బోటుకు వెనకాల నిలువు మోటారు బిగించి కనిపిస్తుంది, అది బయటి మోటారు (అవుట్‌బోర్డు). పక్కదానికి వెనక ఏమీ ఉండదు, చప్పుడు మాత్రం కాళ్ల కింది నుంచి వస్తుంది. ఇంకోదానికి మోటారూ కనపడదు, ఫ్యానూ కనపడదు, వెనక నుంచి నీళ్లు చిమ్ముకుంటూ పోతుంది. బోటు కొనాలనుకునే మత్స్య సహకార సంఘానికో, రిసార్టుకో ఈ తేడా మరింత ముఖ్యం. కొటేషన్లలో ‘ఇన్‌బోర్డు ఇంజిన్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే దాని కింద నాలుగు వేర్వేరు యంత్రాలు దాక్కుని ఉండొచ్చు.

తిప్పడం, నెట్టడం, మళ్లించడం

లారీ కింద పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుందని మెకానిక్ షెడ్డు చూసినవాళ్లందరికీ తెలుసు. ఇంజిన్, క్లచ్చి, గేర్‌బాక్స్, షాఫ్టు, దానికి జాయింటు క్రాసులు, చివర హౌసింగులో క్రౌన్ పినియన్. బోటులోనూ దాదాపు ఇదే వరుస. రెండు చోట్ల మాత్రం లెక్క మారుతుంది.

మొదటిది నెట్టే బలం. లారీలో షాఫ్టు పని తిప్పడం వరకే. బండిని ముందుకు నెట్టేది టైరు, ఆ బలం కమాన్ పట్టీల మీదుగా ఛాసిస్‌కు చేరుతుంది. బోటులో అలా కాదు. ప్రొపెల్లర్ నీటిని వెనక్కి తోస్తే, ఆ ఎదురు బలం అదే షాఫ్టు గుండా లోపలికి వస్తుంది. అంటే ఇంజిన్ తిప్పే కమ్మీయే బోటునూ నెట్టాలి. ఈ బలాన్ని మోసే థ్రస్ట్ బేరింగ్ సాధారణంగా గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది. అక్కడి నుంచి ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లకు, వాటి నుంచి బోటు అడుగున ఉండే దూలాలకు బలం పాకుతుంది. మౌంటింగ్ బోల్టు వదులైన బోటులో అదురు పెరగడమే కాదు, బోటును నెట్టే బలం పట్టే చోటే సడలుతుంది.

రెండోది వేగం. బోటు గేర్‌బాక్స్‌లో ముందుకు, న్యూట్రల్, వెనక్కి అని మూడే ఉంటాయి. దాంతోపాటు చుట్లను తగ్గించే ఏర్పాటు ఉంటుంది. పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితే ఎక్కువ నీటిని మెల్లగా తోస్తుంది, దానివల్ల డీజిల్ తక్కువ వృథా అవుతుంది. చిన్న ప్రొపెల్లర్‌ను వేగంగా తిప్పితే రెక్కల వెనక ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని కొరుకుతాయి, పట్టు కూడా జారుతుంది. ఒక లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోంది, గేర్‌బాక్స్ దాన్ని సగం చేసింది అనుకుందాం. ప్రొపెల్లర్‌కు 1,500 చుట్లు. దాని పిచ్, అంటే ఒక్క చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం, 12 అంగుళాలైతే, స్క్రూ కొయ్యలో దిగినట్టు దిగితే, ఒక్కో చుట్టుకు ఒక్కో అడుగు. నిమిషానికి 1,500 అడుగులు, అంటే గంటకు సుమారు 27 కిలోమీటర్లు. నీళ్లు కొయ్య కాదు కాబట్టి జారుడు ఉంటుంది. నాలుగో వంతు జారితే చేతికొచ్చేది 20 కిలోమీటర్లు. ఈ జారుడు ఎంత అన్నది బోటు బరువు, అడుగు ఆకారం, ప్రొపెల్లర్‌కు చేరే నీరు ఎంత నిలకడగా ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. షాఫ్టు అమరిక ఈ చివరి దాన్ని నేరుగా తాకుతుంది.

స్ట్రెయిట్ షాఫ్టు: పాతది, సూటిది

అన్నిటికన్నా పాత పద్ధతి ఇదే. ఇంజిన్ బోటు నడుమ, అడుక్కి ఆనినట్టు కూర్చుంటుంది. దాని వెనక గేర్‌బాక్స్, గేర్‌బాక్స్ వెనక షాఫ్టు. ఆ షాఫ్టు కొద్దిగా వాలుగా దిగి, అడుగులో ఉన్న గొట్టం గుండా నీళ్లలోకి వెళ్తుంది. బయట ఒక బ్రాకెట్ దాన్ని పట్టుకుంటుంది. చివర ప్రొపెల్లర్, దాని వెనక చుక్కాని. మధ్యలో పళ్ల చక్రాలు తక్కువ, మూలలు తిరగడం లేదు. పాడయ్యే చోట్లు తక్కువగా ఉండటానికి కారణం అదే.

వాలు వల్ల కొంత నష్టం ఉంది. షాఫ్టు 12 డిగ్రీలు వాలితే తోపుడులో సుమారు 98 శాతం ముందుకు పనిచేస్తుంది, ఆ వాలు తోపుడే బోటు వెనక భాగాన్ని కాస్త పైకి కూడా ఎత్తుతుంది. ఈ రెండు శాతం పెద్ద సమస్య కాదు. అసలు ఇబ్బంది రెక్కల దగ్గర ఉంది. వాలుగా తిరిగే ప్రొపెల్లర్‌లో కిందికి దిగే రెక్కకు నీరు ఒక కోణంలో, పైకి లేచే రెక్కకు మరో కోణంలో తగులుతుంది. ప్రతి చుట్టులోనూ బరువు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పడుతుంది. ఇలాంటి బోట్లలో కాళ్లకు తెలిసే సన్నని అదురులో కొంత భాగం అక్కడిదే.

మళ్లించడం చుక్కాని పని. ప్రొపెల్లర్ తోసిన నీరు చుక్కానికి తగిలినప్పుడే అది గట్టిగా పనిచేస్తుంది. అందుకే ముందుకు పోయేటప్పుడు చక్కగా మాట వినే బోటు, వెనక్కి తీసేటప్పుడు మొండికేస్తుంది. వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే ప్రొపెల్లర్ ఉన్న బోటును రివర్సులో వేస్తే వెనక భాగం ఎడమకు లాగుతుంది. అనుభవమున్న డ్రైవరు ఈ లాగుడును తప్పు అనుకోడు, జెట్టీకి ఎడమ పక్క ఆనించడానికి దాన్నే వాడుకుంటాడు.

అలైన్‌మెంట్ విషయం ఇక్కడ ప్రాణం లాంటిది. గేర్‌బాక్స్ చివరి పలక, షాఫ్టు మొదటి పలక ఒకదానికొకటి ఆని బోల్టులతో బిగుసుకుంటాయి. బిగించే ముందు మెకానిక్ ఆ రెంటి నడుమ ఫీలర్ గేజ్ రేకు దూర్చి పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చోట్లా చూడాలి. నాలుగు అంగుళాల పలకకు ఎక్కడైనా తేడా అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు, అంటే 0.1 మిల్లీమీటరు దాటకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. అదీ బోటు ఒడ్డున దిమ్మెల మీద ఉన్నప్పుడు కాదు, నీళ్లలోకి దింపి ఒక రోజు నానిన తర్వాత. ఒడ్డున మొద్దుల మీద కూర్చున్న అడుగు ఒకలా వంగుతుంది, నీళ్లు మోసిన అడుగు ఇంకోలా సర్దుకుంటుంది. షెడ్డులో బిగించి పంపించేసిన బోటు నెల తిరక్కుండా బేరింగు తిన్నదంటే, ఎక్కువసార్లు కారణం ఈ ఒక్క రోజు ఆగకపోవడమే.

గ్లాండు దగ్గర ఏం జరుగుతుంది

బోటుకు కింద బొక్క పెట్టి, అందులోంచి తిరిగే షాఫ్టును పంపి, నీళ్లు మాత్రం రానివ్వకూడదు. వినడానికే ఇబ్బందిగా ఉండే ఈ పనిని చేసేది గ్లాండు. వ్యవసాయ మోటారు తెలిసిన ఇంట్లో దీని గురించి విడమరచి చెప్పక్కర్లేదు. పంపు షాఫ్టు చుట్టూ గ్రీజు పట్టించిన గ్లాండు తాడు చుట్టలు చుట్టి, పైన నట్టు బిగిస్తారే, అదే ఇది. తేడా ఒక్కటే. పంపు గ్లాండు కారితే నీళ్లు పొలంలోకి పోతాయి, ఇక్కడ కారితే బోటులోకి వస్తాయి.

అయినా అది పూర్తిగా కారకుండా ఉండకూడదు. తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి. ఆ చుక్కలే తాడును చల్లబరుస్తాయి. ఒక్క చుక్కా రాకుండా నట్టును బిగబట్టిస్తే తాడు ఎండి, మాడి, షాఫ్టు మీద గాడి పడుతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా ఆగదు. పది నిమిషాలు నడిపి ఇంజిన్ ఆపి, గ్లాండు మీద చెయ్యి వేసి చూస్తే గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి తీసేసేంత వేడి ఉంటే బిగుతు ఎక్కువైనట్టు. ఈ మధ్య చుక్క కారని సీళ్లు కూడా వస్తున్నాయి. ఒక నున్నని లోహపు చక్రానికి కార్బన్ పలకను మడతలున్న రబ్బరు తొడుగు ఒత్తిపట్టి ఉంచుతుంది. శుభ్రంగా ఉంటాయి, కానీ రబ్బరు చిరిగితే తాడులా చుక్కచుక్కగా హెచ్చరించదు.

బయట బ్రాకెట్‌లో ఉండే బేరింగుకు గ్రీజు ఉండదు. లోపల గాళ్లున్న రబ్బరు, ఆ గాళ్లలో పారే నీళ్లే నూనె. చెరువు నీళ్లలో ఇది ఏళ్లపాటు నిలుస్తుంది. ఇసుక కలిసిన గోదావరి నీళ్లలో అంతకాలం ఉండదు. ప్రొపెల్లర్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదిపితే ఆట తెలుస్తుంది.

వీ-డ్రైవ్: ఇంజిన్ వెనక్కి, ముఖం ముందుకు

స్ట్రెయిట్ షాఫ్టులో ఇంజిన్ పెట్టె బోటు నడుమను తినేస్తుంది. కూర్చునే చోటు కావాలంటే ఇంజిన్‌ను వెనక్కి జరపాలి. జరిపితే షాఫ్టుకు పొడవు చాలదు, వాలు ఎక్కువైపోతుంది. దీనికి దొరికిన ఉపాయం ఇంజిన్‌ను తిప్పి పెట్టడం. గేర్‌బాక్స్ వైపు బోటు ముందుకు చూస్తుంది. అక్కడ ఉన్న పళ్ల చక్రాల పెట్టె తిప్పుడును మలిపి, ఇంజిన్ కిందుగా వెనక్కి షాఫ్టును పంపుతుంది. పక్క నుంచి చూస్తే ఇంగ్లిషు వీ అక్షరం పడుకున్నట్టు ఉంటుంది.

చోటు మిగులుతుంది, వెనక బరువు పెరుగుతుంది. విదేశాల్లో అల మీద పలకతో ఆడే బోట్లకు ఈ వెనక బరువే కావాలి, ఎందుకంటే అది పెద్ద అలను లేపుతుంది. నిండా ప్రయాణికులతో తిరిగే బోటుకు ఆ లాభంతో పని లేదు. పైగా గ్లాండు ఇంజిన్ కిందికి చేరుతుంది. వారానికోసారి చూడాల్సిన వస్తువు చెయ్యి దూరని చోట ఉంటే, చూడటం నెలకోసారి అవుతుంది, ఆ తర్వాత మరుపున పడుతుంది. కొనేటప్పుడు ఈ ఒక్క సంగతి కోసమైనా పలకలు ఎత్తించి చూడటం మంచిది.

స్టెర్న్ డ్రైవ్: కాలు బయట, ఇంజిన్ లోపల

1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో పెంటా ‘ఆక్వామాటిక్’ పేరుతో మార్కెట్లోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇంజిన్ బోటు లోపలే, వెనక పలకకు ఆనుకుని ఉంటుంది. ఆ పలక గుండా తిప్పుడు బయటికి వచ్చి, అక్కడ వేలాడే కాలులోకి దిగుతుంది. పైన ఒకసారి మూల తిరుగుతుంది, కింద ఇంకోసారి. లారీ హౌసింగులో ఒకచోట ఉండే క్రౌన్ పినియన్ పని ఇక్కడ రెండు చోట్ల జరుగుతుందన్నమాట. కాలు మొత్తం పక్కకు తిరుగుతుంది కాబట్టి చుక్కాని అక్కర్లేదు. తోపుడే దిశ మారుతుంది, మలుపు చురుగ్గా వస్తుంది. లోతు తగ్గితే కాలును పైకి ఎత్తుకోవచ్చు. 1982లో అదే కంపెనీ ఒకే కాలుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు పెట్టింది. దాంతో పక్కకు లాగే గుణం దాదాపు పోయింది.

ఈ సుఖాలకు చెల్లించే ధర రబ్బరు బెల్లోస్ దగ్గర ఉంది. కాలు పక్కకు తిరగాలి, పైకి లేవాలి, అయినా షాఫ్టు లోపలికి నీళ్లు రాకూడదు. అందుకని మడతలున్న రబ్బరు తొడుగు వేస్తారు. కార్ల ముందు యాక్సిల్‌కు ఉండే బూటును పోలినదే. కారు బూటు చిరిగితే గ్రీజు కారి, కొన్నాళ్లకు జాయింటు టకటక కొడుతుంది, అంతే. ఈ బూటు నీటి మట్టానికి కిందుగా ఉంటుంది. చిరిగితే మొదట బేరింగులోకి, ఆ పైన బోటులోకి నీళ్లు వస్తాయి. సీజను అయిపోయాక కాలును పైకెత్తి నెలల తరబడి వదిలేస్తే మడతలు ఒకే భంగిమలో బిగుసుకుపోయి, ఎండకు మడత లోతుల్లో జుట్టంత సన్నని పగుళ్లు వస్తాయి. పై నుంచి చూస్తే రబ్బరు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. వేలితో మడత విప్పి చూస్తేనే పగులు కనిపిస్తుంది. బాగానే ఉన్నట్టు కనిపించినా కొన్నేళ్లకోసారి దాన్ని మార్చేయమని తయారీదారులు చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి మరమ్మతు మనుషులది. స్ట్రెయిట్ షాఫ్టులో ఇంజిన్, గేరు, షాఫ్టు విడివిడి వస్తువులు. డీజిల్ ఇంజిన్ విప్పగలిగే మెకానిక్‌లకు వరంగల్ ఆటోనగర్‌లో కొదవ లేదు, లేత్ మీద షాఫ్టు పట్టేవాళ్లూ ఉన్నారు. స్టెర్న్ డ్రైవ్ కాలు విప్పాలంటే ప్రత్యేకమైన పనిముట్లు, షిమ్ముల కొలతలు, ఆ కంపెనీ సామాన్లే కావాలి. అవి సముద్రతీర నగరాల నుంచి రావాలి.

వాటర్ జెట్: బావి మోటారే బోటెక్కితే

పొలంలో మోటారు నడిపినవాళ్లకు వాటర్ జెట్ అర్థం కావడానికి నిమిషం చాలు. అడుగున ఒక నోరు నీళ్లు పీలుస్తుంది, ఇంపెల్లర్ వాటిని తిప్పి ఒత్తిడితో తోస్తుంది, వెనకాల మూతి గుండా ధారగా చిమ్ముతుంది. డెలివరీ పైపు చివర పట్టుకున్న చెయ్యిని నీళ్లు వెనక్కి తోసినట్టే బోటు ముందుకు పోతుంది. మూతిని పక్కకు తిప్పితే బోటు మళ్లుతుంది. ధారకు అడ్డంగా ఒక తొట్టి లాంటి పలకను దింపి నీటిని ముందుకు మలిపితే బోటు వెనక్కి వస్తుంది. ఇంజిన్ అదే దిశలో తిరుగుతూనే ఉంటుంది.

1950ల్లో న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ దీన్ని పనికొచ్చే రూపానికి తెచ్చాడు. అక్కడి కాంటర్‌బరీ ప్రాంతపు నదులు వెడల్పుగా, లోతు లేకుండా, గులకరాళ్ల మీద పారతాయి. ప్రొపెల్లర్ వేలాడే బోటు వాటిలో సాగదు. 1960లో ఇలాంటి బోట్లు అమెరికాలో గ్రాండ్ కేన్యన్ గుండా కొలరాడో నదిలో ఎదురెక్కాయి. అడుగు కింద ఏదీ వేలాడకపోవడం దీని బలం. నీళ్లలో పడ్డ మనిషికి రెక్కలు తగిలే ప్రమాదమూ తక్కువ.

కాళేశ్వరం దగ్గర ఎండాకాలపు గోదావరిని చూసినవాళ్లకు ఈ వర్ణన మన నదిదే అనిపించవచ్చు. ఇసుక దిబ్బలు, వాటి నడుమ మోకాలి లోతు పాయలు. కానీ రెండు చిక్కులున్నాయి. ఇసుక ఇంపెల్లర్ అంచుకూ కేసింగుకూ నడుమ ఉండే సన్నని సందును అరగదీసి పెంచుతుంది. సందు పెరిగిన కొద్దీ పీల్చే బలం పడిపోతుంది, ముసలి పంపులో జరిగేదే. చెరువులో అయితే నాచు, గుర్రపుడెక్క. ఫుట్‌వాల్వ్ జాలీకి చెత్త పట్టి మోటారు ఉత్తగా తిరిగినట్టు, నోటి జాలీకి నాచు పట్టగానే ఇంజిన్ హోరు పెరుగుతుంది, బోటు మాత్రం కదలదు.

పొదుపు సంగతి కూడా చూడాలి. జెట్ బాగా వేగంగా పోయే బోటులోనే ప్రొపెల్లర్‌కు సాటి వస్తుంది. గంటకు పది పదిహేను కిలోమీటర్లతో చెరువు చుట్టే బోటులో అదే దూరానికి ఎక్కువ ఇంధనం తాగుతుంది.

జెట్ స్కూటర్లు నడిపే సందర్శకులకు తప్పనిసరిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. జెట్‌లో మళ్లించేది ధార మాత్రమే. ఎదురుగా ఏదో కనిపించగానే భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే ధార ఆగిపోతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. బైకు అలవాటు చెయ్యి చేసే మొదటి పని వదిలేయడమే. తప్పించుకోవాలంటే కొంత యాక్సిలరేటర్ ఉంచి తిప్పాలి. లైఫ్ జాకెట్ తొడిగేటప్పుడే ఈ ముక్క చెప్పి, ఒడ్డుకు దూరంగా ఒకసారి చేయించి చూపాలి.

అరుదుగా కనిపించేవి

తెరచాప పడవల్లో ఇంజిన్ కింద కాలు నిటారుగా అడుగు గుండా దిగే సెయిల్ డ్రైవ్ ఉంటుంది. పెద్ద సొంత విహార బోట్లలో (యాట్లలో) 2005 నుంచి వోల్వో పెంటా ఐపీఎస్ లాంటి పాడ్ డ్రైవ్‌లు వచ్చాయి. ఐపీఎస్‌లో ప్రొపెల్లర్లు అడుగున ముందుకు ముఖం పెట్టి ఉంటాయి, ఇంకా కలత చెందని నీటిని పట్టుకుంటాయి కాబట్టి పొదుపు ఎక్కువ. రెండూ లోతైన నీళ్లకు పుట్టినవి. శిఖంలో రాళ్లు, మొద్దులు ఉన్న చెరువులకు ఇవి పనికిరావు.

వరదలో రబ్బరు బోటు, బయటి మోటారు

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచెత్తింది. అలాంటి రోజుల్లో, హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిలిచిన రోజుల్లో సహాయక బృందాలు తెచ్చేది గాలి నింపిన రబ్బరు బోటు, దానికి బయట తగిలించే అవుట్‌బోర్డు మోటారు. లోపలి ఇంజిన్ ఎంత నమ్మకమైనదైనా ఆ పనికి రాదు. బోటు ట్రక్కులో మడిచి రావాలి, ఇద్దరు ముగ్గురు మోయగలగాలి, ముళ్లతీగ చుట్టుకుంటే మోటారును పైకెత్తి అక్కడికక్కడే తీయగలగాలి. ఇంజిన్, గేరు, ప్రొపెల్లర్ అన్నీ ఒకే ముక్కగా ఉండే అవుట్‌బోర్డుకే అది సాధ్యం. చెడితే విప్పి ఇంకోటి తగిలించవచ్చు. చిన్న స్పీడ్ బోట్లలోనూ ఈ కారణంగానే స్టెర్న్ డ్రైవ్‌ల చోటును అవుట్‌బోర్డులు ఆక్రమిస్తున్నాయి.

బరువు ఎక్కడ పడుతుంది

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు, అందులో వరంగల్ పక్కనున్న కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో బోటు మాట ఎత్తితే ముందు అడిగేది భద్రత గురించే. అడగాల్సిందే. వరద ఉన్న రోజు బోటు తీయకపోవడానికి ఏ ఇంజిన్ అమరికా సాటి రాదు. అయితే మామూలు రోజుల నిలకడలో ఇంజిన్ బరువుకు పాత్ర ఉంది.

ఇంజిన్, గేరు కలిపి 300 కిలోలు అనుకుంటే, 60 కిలోల మనుషులు ఐదుగురితో సమానం. ఆ ఐదుగురు ఎప్పుడూ లేవరు, కదలరు. వాళ్లను అడుగున, నడుమ కూర్చోబెడితే బోటు మొత్తం బరువు కిందికి దిగుతుంది. లక్నవరంలో వేలాడే వంతెన కనిపించగానే ఫొటోల కోసం అందరూ ఒక పక్కకు లేచే క్షణంలో, కిందున్న ఆ బరువు బోటును తిరిగి నిలబెట్టే వైపు పనిచేస్తుంది. స్ట్రెయిట్ షాఫ్టు అమరికలో ఇది సహజంగానే దొరుకుతుంది. వీ-డ్రైవ్, స్టెర్న్ డ్రైవ్‌లలో ఆ ఐదుగురూ వెనక పలక దగ్గర ఉన్నట్టు. దాని మీద సందర్శకులు కూడా వెనక సీట్లకే ఎగబడితే వెనక అంచు నీటికి దగ్గరవుతుంది, రివర్సు తీసేటప్పుడు అల లోపలికి దూకుతుంది. డబుల్ డెక్కరు బోట్ల పై అంతస్తు మీద మనుషుల సంఖ్యకు కచ్చితమైన హద్దు పెట్టేది కూడా ఈ లెక్కతోనే. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం యంత్రంతో నడిచే బోట్లకు సర్వే, రిజిస్ట్రేషన్ కోరుతుంది. ఇంజిన్ మార్చిన బోటుకు పాత సర్వే సరిపోతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే బరువు మారింది.

పెట్రోలు ఆవిరి, తాగునీటి చెరువు

లోపలి ఇంజిన్ పెట్రోలుదైతే మరో జాగ్రత్త తప్పదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. కారులో కారితే రోడ్డు మీద చెదిరిపోతుంది, బోటులో కారితే అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే స్టార్టు చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ వేసి ఇంజిన్ గదిని ఖాళీ చేయాలంటారు. బోటుకు తయారైన సెల్ఫ్ మోటారు, డైనమోలు నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి. చూడటానికి అచ్చం అలాగే ఉండే కారు సెల్ఫ్ సగం ధరకు దొరుకుతుంది, బోల్టులకు సరిపోతుంది, తిరుగుతుంది కూడా. పెట్రోలు బోటులో దాన్ని బిగించడం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే. డీజిల్‌లో ఈ భయం చాలా తక్కువ.

ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నీళ్లు వరంగల్ తాగుతుంది. దిగువ మానేరు నీళ్లు కరీంనగర్ తాగుతుంది. స్టెర్న్ డ్రైవ్ కాలులోనూ, అవుట్‌బోర్డు అడుగు పెట్టెలోనూ గేరు నూనె నీళ్ల లోపల ఉంటుంది. సీలు పోతే నేరుగా చెరువులోకే. స్ట్రెయిట్ షాఫ్టులో గేరు నూనె అంతా బోటు లోపలే ఉంటుంది. కానీ కారిన డీజిల్, ఆయిలు అడుగు నీళ్లలో కలిసి, ఆ నీటిని పంపు బయటికి తోసేస్తే ఫలితం ఒక్కటే. ఇంజిన్ కింద విడిగా ఒక తట్ట, అందులో నూనె పీల్చే గుడ్డ ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

మన నీళ్లకు ఏది

చెరువు నిండినప్పుడు ఉన్న దారి ఎండాకాలంలో ఉండదు. నాట్లు మొదలయ్యాక తూము తీస్తారు, నీరు రోజురోజుకూ దిగుతుంది, నిన్న మునిగి ఉన్న మొద్దు ఈ రోజు ప్రొపెల్లర్ ఎత్తుకు వస్తుంది. రాత్రి వేసిన వలలు పొద్దున తెప్ప మీద వచ్చి తీసేదాకా నీళ్లలోనే ఉంటాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే, పాతిక ముప్పై మందిని నెమ్మదిగా తిప్పే బోటుకు స్ట్రెయిట్ షాఫ్టు, డీజిల్ ఇంజిన్, ప్రొపెల్లర్ కిందుగా చుక్కాని మడమ దాకా సాగే ఇనుప పట్టీ సరైన ఎంపిక. రాయి తగిలితే దెబ్బ ముందు పట్టీకి తగులుతుంది, షాఫ్టుకు కాదు. వల చుట్టుకుంటే నీళ్లలో దిగి కోయాల్సి రావడమే దీని పెద్ద లోపం. కాలు ఎత్తుకోగల స్టెర్న్ డ్రైవ్‌కు ఆ ఒక్క సుఖం ఉంది. గస్తీ, రక్షణ పనులకు, నలుగురైదుగురి స్పీడ్ బోటుకు అవుట్‌బోర్డు. జెట్‌ను నాచు లేని, లోతు లేని నదీ పాయలకు, అదీ వేగం కావాల్సిన పనికి మాత్రమే ఉంచడం మేలు.

తీరం నుంచి పాత బోటు కొని తెచ్చేవాళ్లు ఇంజిన్ చల్లబడే దారి విప్పి చూడాలి. ఉప్పునీరు నేరుగా ఇంజిన్‌లో తిరిగినదైతే లోపలి గొట్టాలు తుప్పుతో సగం మూసుకుని ఉంటాయి. మంచినీళ్లకు వచ్చినంత మాత్రాన ఆ తుప్పు కరగదు, మొదటి ఏప్రిల్‌లోనే ఇంజిన్ కాగిపోతుంది.

కరెంటు మోటారు వస్తే మారేది, మారనిది

కేరళలో వైక్కం, తవణక్కడవు నడుమ 75 మంది పట్టే సౌరశక్తి బోటు ‘ఆదిత్య’ 2017 జనవరి నుంచి తిరుగుతోంది. కొచ్చి వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో మొదలైంది. చెరువు విహారానికి ఈ పద్ధతి ఇంకా బాగా సరిపోతుంది. వేగం తక్కువ, దూరం తక్కువ, ప్రతి చుట్టుకూ బోటు అదే జెట్టీకి తిరిగి వస్తుంది, ఎండకు కొదవ లేదు. కరెంటు మోటారు తక్కువ చుట్లలోనే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పడానికి గేర్‌బాక్స్ అవసరం తగ్గుతుంది. రివర్సుకు మోటారునే ఎదురు తిప్పవచ్చు. ఆవిరి భయం లేదు, నూనె మరక లేదు. బరువంతా బ్యాటరీలది. వాటిని ముక్కలుగా విడదీసి అడుగున రెండు పక్కలా సమంగా పేర్చుకోవచ్చు. ఇంజిన్‌తో అది కుదరదు.

అప్పుడు కూడా ఎక్కువ బోట్లలో షాఫ్టు అడుగులోంచే బయటికి వెళ్లాలి. బయటి బేరింగు నీళ్లతోనే నడుస్తుంది, పలకల నడుమ ఫీలర్ గేజ్ కొలత అలాగే ఉంటుంది, వారానికోసారి నేల పలక ఎత్తి గ్లాండు మీద చెయ్యి వేసి చూసే మనిషి కావాల్సిందే.